రాతికి మేత

రాఘవమ్మ పుట్టిన ఊళ్ళో రాయి ఉన్నది పగలగొట్టటానికే. మాచవరం దగ్గర క్వారీల్లో ఆమె తండ్రి రాయి కొట్టాడు. కట్టుకున్న పిచ్చియ్య ఇప్పటికీ రాళ్ళ లారీల కాడ మేస్త్రీగా చేస్తున్నాడు. ఆమెకి తెలిసినంతలో రాయి కాలి మీద పడుతుంది, చిట్లి కంట్లో పడుతుంది, ఒక్కోసారి మనిషినే తీసుకుపోతుంది. దానికి ఆకలేస్తుందని మాత్రం ఎన్నడూ వినలేదు. అలాంటిది, నరసరావుపేటలో కూతురింటికి వచ్చిన మొదటి సాయంత్రమే, గాజుతొట్టిలో మునిగి ఉన్న ఒక రాయికి సరిత సిరంజితో మేత పెడుతుంటే గుమ్మం కాడ నిలబడి చూసింది. చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"నా పిల్లకి మతి పోయింది" అనుకుంది.

అలా అనుకోవటానికి కారణం లేకపోలేదు. సరితకి ఏడో నెలలో కడుపులోనే బిడ్డ గుండె ఆగిపోయింది. పురిటికి పుట్టింటికి తీసుకుపోవాలని రాఘవమ్మ మంచిరోజు చూసిపెట్టుకున్న వారంలోనే జరిగింది అది. ఆసుపత్రిలో నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. మత్తులో ఉన్న సరితకి "ఆడపిల్ల" అన్న ఒక్కమాట చెప్పారు. బిడ్డను చూపించలేదు. చూపించొద్దని నర్సుతో అన్నది రాఘవమ్మే. వాళ్ళలో అదే పద్ధతి. ప్రాణం లేకుండా పుట్టిన బిడ్డను తల్లి కంట పడనివ్వరు. కంట పడితే ఆ రూపం తల్లిని పట్టుకుని వదలదని, మళ్ళీ కడుపు నిలవనివ్వదని భయం. అల్లుడు హరికృష్ణ, పిచ్చియ్య కలిసి తీసుకుపోయి ఆ పూటే మట్టిచేసి వచ్చారు. సరిత లేచి కూర్చున్నాక ఒక్కసారి తల్లి మొహంలోకి చూసింది. ఏమీ అడగలేదు. నెలలు గడిచినా ఇప్పటిదాకా అడగలేదు.

ఆ అడగకపోవటమే రాఘవమ్మకి కంటి మీద కునుకు లేకుండా చేసింది. ఏడ్చే పిల్లైతే ఒళ్ళోకి లాక్కోవచ్చు. తిట్టే పిల్లైతే తిట్టించుకోవచ్చు. సరిత రెండూ చెయ్యదు. పెడితే తింటుంది, పోస్తే తాగుతుంది, పిలిస్తే పలుకుతుంది. తల్లితో మాట్లాడేవన్నీ ఉప్పూ పప్పూ కరెంటూ. మనిషి ఎదురుగానే ఉంది గానీ తన పిల్ల తనకి దక్కలేదు. దక్కుతుందో లేదో తెలియదు. ఉన్నట్టుండి ఒకనాడు ఏదో అయిపోతుందని, ఆ అయిపోయేటప్పుడు తను పక్కన లేకుండా పోతానని రాఘవమ్మ భయం. అందుకే ఊళ్ళో మొగుణ్ణి వదిలి వచ్చి ఇక్కడే కూర్చుంది.

వచ్చిన మర్నాడే ఇంకో గండం. మజ్జిగ కోసం ఫ్రిజ్ తెరిస్తే తలుపులో ఒక సీసా కనపడింది. లోపల చిక్కటి పచ్చనీళ్ళు, పైన ఏదో ఇంగ్లీషు. పత్తిచేలూ మిరపచేలూ ఉన్న ఊళ్ళో బతికిన ఆడదానికి, ఇంట్లో మూత బిగించిన రంగునీళ్ళ సీసా కనపడితే తోచేది ఒకటే. ఆ మాట మనసులో కూడా అనుకోలేదు. సీసాను కొంగులో చుట్టి, బియ్యం డ్రమ్ములో అడుక్కంటా దూర్చి, పైన బియ్యం కప్పి, చేతులు కడుక్కుంది.

సాయంత్రం సరిత ఇల్లంతా వెతికింది.

"అమ్మా, ఫ్రిజ్‌లో పచ్చ సీసా చూశావా?"

"ఏ సీసా?"

"అమ్మా."

"నాకేం తెలుసే. మందుసీసాలు తీసుకొచ్చి పాలప్యాకెట్ల పక్కన పెట్టుకుంటారా ఎవరన్నా?"

సరిత కాసేపు తల్లినే చూసింది. అర్థమైనట్టుంది. నవ్వు రాలేదు గానీ పెదవి ఒక పక్కకి కదిలింది. "అది మందు కాదమ్మా, నాచు. సముద్రంలో ఉండే నాచు, కంటికి కనపడనంత సన్నంది. రాయి మీద ఉన్నవాటికి అదే మేత. చల్లగా లేకపోతే చచ్చిద్ది. ఎక్కడ పెట్టావు?"

రాఘవమ్మ మోచేతి దాకా బియ్యంలో చెయ్యి పెట్టి తీసి ఇచ్చింది. సరిత మూత తీసి వాసన చూసి, "బాగానే ఉందిలే" అంది. నేను తాగి చస్తాననుకున్నావా అని అడుగుతుందేమోనని రాఘవమ్మ బిక్కచచ్చి నిలబడింది. అదీ అడగలేదు.

ఆ తొట్టి హాల్లో టీవీ ఉండాల్సిన చోట ఉంటుంది. హరికృష్ణకి పల్నాడు రోడ్డులో చేపల తొట్ల షాపు. రంగుచేపలు, గులకరాళ్ళు, గాలిమోటార్లు అమ్ముతాడు. అమ్మేదంతా మంచినీళ్ళ సరుకు. ఇంట్లో ఉన్నది మాత్రం సముద్రం. ప్యాకెట్లలో వచ్చే ఉప్పు కలిపి నీళ్ళు తయారుచేస్తారు. ఎండాకాలం వేడెక్కకుండా ఐసు కట్టిన సీసాలు అందులో వేస్తారు. రాళ్ళను చెన్నైలో ఒకతను తొట్లలోనే ఏళ్ళ తరబడి నానబెట్టి, జీవాలు పట్టేదాకా పెంచి అమ్ముతాడట. సముద్రంలోంచి తీయనివ్వరట. మూడో నెలలో డాక్టరమ్మ కదలకుండా పడుకోమంటే, పొద్దుపోవటం లేదని సరిత గొడవ చేసింది. అప్పుడు తెప్పించాడు హరికృష్ణ. తడికాగితాలు చుట్టుకుని థర్మాకోల్ పెట్టెలో వచ్చినయ్యి. మొదట్లో వట్టి బూడిదరంగు బండలు. సరిత కడుపు పెరిగేకొద్దీ వాటి మీద ఒక్కొక్కటే బయటపడ్డాయి. పసుపుముద్ద లాంటిది ఒకటి. పొట్టి తెల్లగొట్టాలు. జీడిగింజంత గుల్లలు, నోరు కాస్త తెరిచి. అన్నిటికన్నా పెద్దది రాతి పగుల్లో ఉండే ఒక పురుగు. దాని ఒళ్ళంతా తోలుగొట్టంలో ఉంటుంది. పైనుంచి మాత్రం, జడకుచ్చు విప్పినట్టు, ఎర్రా తెలుపూ చారల ఈకలు గుండ్రంగా విచ్చుకుంటాయి. మనిషి నీడ పడితే చాలు, చటుక్కున లోపలికి పోతుంది. ఇంగ్లీషు పేరేదో ఉంది. సరిత దాన్ని కుచ్చు అని పిలుస్తుంది.

పిలుస్తుందంటే నిజంగానే పిలుస్తుంది. "కుచ్చూ, రావే" అంటుంది. రాఘవమ్మ చెవులారా విన్నది. విని, మర్నాడు కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి మాబున్నీసాను పెరట్లోకి తీసుకుపోయింది.

"మాబున్నీసా, మీలో మంత్రించి ఊదేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? తాయెత్తు కట్టేవాళ్ళు?"

"ఎవరికక్కా?"

"ఎవరికేంది, మా పిల్లకే. రాయితో మాట్లాడుద్ది."

"రాయి బదులు చెబుద్దా?"

"ఏందే నీ ఎగతాళి!"

"బదులు చెబితే భయపడాల అక్కా. చెప్పకపోతే భయం లేదు." మాబున్నీసా కరివేపాకు రెబ్బలు కొంగులో వేసుకుంది. "మా ఆయన పోయినప్పుడు నేను కుట్టుమిషనుతో మాట్లాడా. అదన్నా టకటకమని అరిచేది. మీ పిల్ల నీతో చెప్పలేని మాట ఏదో ఉంటది. ఆ మాట రాతికి చెప్పుకుంటది, చెప్పుకోనీ."

"నాతో చెప్పలేని మాట ఏం ఉంటదే?"

మాబున్నీసా ఆమె వంక ఒకసారి చూసి, "పొయ్యి మీద కూర పెట్టి వచ్చానక్కా" అని వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే గుంటూరులో పెద్ద డాక్టరు దగ్గర చూపించుకోవాల్సి వచ్చింది. బిడ్డ ఎందుకు పోయిందో తెలుసుకునే పరీక్షలు. పొద్దున్నే పరగడుపున రక్తం ఇవ్వాలి కాబట్టి ముందురోజే పోయి హరికృష్ణ అన్నగారింట్లో ఉండి, మర్నాడు మధ్యాహ్నానికి వచ్చేస్తారు. ఆ సాయంత్రం రాతికి మేత పెట్టే రోజు. బయల్దేరే ముందు సరిత తల్లిని తొట్టి దగ్గరికి పిలిచింది.

"ముందు ఈ స్విచ్చి ఆపాల. ఇది నురగ తీసే మిషను. ఇది తిరుగుతుంటే నువ్వు పెట్టిన మేతంతా ఇదే లాగేసుద్ది. అరగంటాగి మళ్ళీ వెయ్యి. ఈ చిన్న ఫ్యాను మాత్రం ఆపమాకు. నీళ్ళు కదలాల."

"నీళ్ళూ కరెంటూ ఒకచోటే పెట్టారేందే తల్లీ! ఎవరన్నా చస్తే?"

"చెప్పులేసుకుని వెయ్యి."

"ఇంట్లోనా?"

"అయితే పీట ఎక్కు." సరిత సూది లేని సిరంజిలోకి పచ్చనీళ్ళు లాగి చూపించింది. "ఈ గీత దాకా. వాటి మొహాన కొట్టమాకు. కాస్త ఎగువన, ఇదిగో ఇట్టా, చుక్కచుక్కగా వదులు. నీళ్ళే తీసుకెళ్ళి ఇస్తయ్యి."

"ఆ తిప్పలెందుకు, నోటికాడే పెట్టరాదూ?"

"ముడుచుకుంటయ్యి. వీటికి వేటాడటం రాదు, కొరకటం రాదు. పారే నీళ్ళలో వచ్చిందాన్ని వడగట్టుకుని తింటయ్యి. ఏది తీసుకోవాలో ఏది వదలాలో వాటికే తెలుసు. మనం కుక్కకూడదు."

"ఈ కాస్తకే కడుపు నిండుద్దా ఇన్నిటికీ?"

"నిండుద్ది. నీళ్ళు మరీ తేటగా ఉంటే పస్తుంటయ్యి, ఎక్కువ పోస్తే నీళ్ళు కుళ్ళి చస్తయ్యి. నీ సంగతి నాకు తెలుసమ్మా. ఇంకొంచెం, ఇంకొంచెం అనమాకు."

ఆసుపత్రి నించి వచ్చాక కూతురు తనతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. రాఘవమ్మ మేత సంగతి సగమే విన్నది. మిగతా సగం ఆ గొంతు వింటూ ఉండిపోయింది. అందుకే మళ్ళీ మొదట్నించి చెప్పించుకుంది. పిల్ల తనని నమ్మి ఒక పని అప్పజెప్పింది. ఇందులో వంక రాకూడదు.

వాళ్ళు బస్సెక్కిన కాసేపటికే ఫోను చేసింది.

"దిగారా?"

"ఇంకా ఫిరంగిపురం కూడా రాలేదమ్మా."

"కిటికీలోంచి చెయ్యి బయట పెట్టమాకు."

"నేనేమన్నా చిన్నపిల్లనా?"

"నాకు చిన్నపిల్లవే" అనబోయి, ఎందుకో అనలేక పెట్టేసింది.

సందెవేళ పీట వేసుకుని, దాని మీద నిలబడి, కొంగు చేతికి చుట్టుకుని స్విచ్చి ఆపింది. సిరంజి గీత దాకా లాగింది. ఎగువన వదిలింది. పచ్చటి పొగలా నీళ్ళలో పాకి, ఫ్యాను తోసే నీళ్ళకి వంగి, రాయి మీదుగా పోయింది. మొదట ఏమీ జరగలేదు. తర్వాత తెల్లగొట్టాలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. గుల్లలు నోళ్ళు తెరిచాయి. చివరికి ఆ పెద్దది, కుచ్చు, మెల్లగా బయటికి వచ్చింది. ఒక్కో ఈక మీద సన్నటి నూగు. ఆ నూగంతా పచ్చటి నలుసుల్ని పట్టి, ఒకదాని నించి ఇంకోదానికి అందిస్తూ, కిందికి, మధ్యకి దించుతోంది. ఇల్లు కట్టేకాడ ఇటుకలు చేతికి చేతికి అందించినట్టు కాదు, అంత హడావిడి లేదు. నిదానంగా, తప్పకుండా. రాఘవమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. తను పెట్టింది ఒకటి తింటుంటే చూసి ఎన్నాళ్ళో అయింది. సరిత కూడా తింటుంది గానీ, అది ఇట్టా తినటం కాదు.

ఇంకొంచెం వేద్దామని మనసు లాగింది. వెయ్యలేదు. సిరంజి కడిగి బోర్లించింది. చెప్పినంతసేపూ ఆగి, స్విచ్చి వేసి, పీట ఎత్తి మూలన పెట్టింది. జీవితంలో ఒక పని చెప్పింది చెప్పినట్టు, భయపడకుండా కాకపోయినా భయాన్ని పక్కన పెట్టి చేశానని తనకే ముచ్చటేసింది.

తెల్లారుజామున గాలిదుమారం లేచింది. కరెంటు పోయింది. బారెడు పొద్దెక్కాక గానీ రాలేదు. వచ్చాక రాఘవమ్మ మొహం కడుక్కుని తొట్టి దగ్గరికి వెళితే, ఇసక మీద ఎర్రాతెలుపుల ఈకలు పడి ఉన్నాయి. మొత్తం కుచ్చే ఊడి, వాడిన చామంతిలా పక్కకి ఒరిగి ఉంది. పగుల్లో గొట్టం మాత్రం మిగిలింది. మూతి ముడుచుకుపోయి, వాలిపోయి.

"అయ్యో తల్లీ" అంది గట్టిగా.

అద్దం మీద తట్టింది. కదలలేదు. ఎప్పుడూ వేలైనా ముంచని నీళ్ళలో మోచేతి దాకా చెయ్యి పెట్టి గొట్టాన్ని ముట్టుకుంది. మెత్తగా ఉంది. అందులో ఏమీ ఉన్నట్టు లేదు. అంటే తన చేతి మేతే చంపింది. గీత సరిగ్గా చూడలేదేమో. కొంగు నించి సబ్బు ఏదన్నా పడిందేమో. తన చెయ్యే మంచిది కాదేమో. ఇవన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి గానీ, వాటి వెనకే ఇంకోటి వచ్చి వీటన్నిటినీ తోసేసింది. సరిత వస్తుంది. వచ్చి చెప్పులు విప్పకముందే తొట్టిలోకి చూస్తుంది. గుంటూరు డాక్టరు నోట ఏం విని వస్తుందో ఏమో, ఆ విన్నది గుండెలో పెట్టుకుని వచ్చి, ఈ చచ్చినదాన్ని చూస్తుంది.

చూడకూడదు.

రాఘవమ్మ చేతులకి ఆలోచనతో పని లేకపోయింది. ఈకల్ని ఏరింది. గొట్టాన్ని పట్టుకుని లాగింది. వదల్లేదు. కాస్త తిప్పి లాగితే అడుగున రాతిముక్కతో సహా ఊడి వచ్చింది. రెంటినీ కాగితంలో చుట్టి కవరులో వేసింది. అప్పుడే సందు మొదట్లో మున్సిపాలిటీ చెత్తబండి పాట వినపడింది. కవరు పట్టుకుని బయటికి పోయింది.

"తడి చెత్తా, పొడి చెత్తా?" అని అడిగింది బండి దగ్గర చెన్నమ్మ.

రాఘవమ్మ చేతిలో కవరు వంక చూసుకుంది.

"ఏమ్మా, నిన్నే. తడా, పొడా?"

"తడే" అంది.

బండి మలుపు తిరిగాక గుండె కాస్త కుదుటపడింది. తొట్టి అద్దం తుడిచింది. అన్నం వండింది. అడిగితే, లోపలికి ముడుచుకుందేమో చూడు అందామనుకుంది. రాతిలో పురుగు ఎటు పోయిందో తనేం లెక్క చెబుతుంది.

మధ్యాహ్నం ఎండలో సరిత ఒక్కతే లోపలికి వచ్చింది. హరికృష్ణ షాపు తాళాలు కుర్రాళ్ళకి ఇచ్చేసి, ఏదన్నా కూర కట్టించుకొస్తానని దోవలో దిగాడట.

"ఏమన్నాడే డాక్టరు?"

"ఏం లేదంట. అన్నీ బాగానే ఉన్నాయంట. కొన్నిటికి కారణం కనపడదు అన్నాడు." సంచి కుర్చీలో పడేసి తొట్టి దగ్గరికి పోయింది. వంగింది. ఇంకో పక్కకి పోయి వంగింది. "అమ్మా. కుచ్చేది?"

అనుకున్న అబద్ధం నోట్లోకి రాలేదు.

"పోయిందమ్మా."

"పోవటమేంది?"

"పొద్దున చూసేసరికి ఈకలన్నీ ఊడి కింద పడున్నయ్యి. నువ్వు చెప్పినట్టే పెట్టా. ఆ గీత దాకానే, ఒట్టు. చుక్క కూడా ఎక్కువ వెయ్యలా. నువ్వొచ్చి చూస్తావని తీసి చెత్తబండిలో వేశా."

"గొట్టం కూడానా?"

"చచ్చాక గొట్టమెందుకే?"

సరిత అట్టాగే నేల మీద కూర్చుంది. తొట్టికి వీపు ఆనించి, కాళ్ళు చాపి. "అది చావలేదమ్మా" అంది. "వేడి ఎక్కువైనా, కరెంటు పోయి గాలాడకపోయినా, బెదిరినా ఆ ఈకలు వదిలేసుకుంటది. ప్రాణం గొట్టంలోనే ఉంటది. కదపకుండా ఊరుకుంటే కొన్ని వారాలకి మళ్ళీ కొత్తవి మొలుస్తయ్యి. నీ మేత వల్ల ఏం కాలేదు. కరెంటు వల్ల అయ్యుంటది."

రాఘవమ్మ కాలు చెప్పుల కోసం వెతికింది.

"ఎక్కడికి?"

"ఆ చెత్తంతా యాడ పోస్తారో కనుక్కుంటా. ఆటో మాట్లాడుకుని పోతా. కాగితంలో చుట్టే వేశా, కనపడుద్ది."

"ఈ ఎండలో ఇంకా ఉంటదా."

"చూస్తే ఏం పోయింది? ఉంటే ఉంటది."

"కూర్చో అమ్మా."

"ఒక్క అరగంటలో—"

"కూర్చో." సరిత గొంతు పెరగలేదు. "చచ్చినా బతికినా నాకు చూపించాల్సింది."

"చూసి తట్టుకోలేవని..."

"తట్టుకోలేనని నీకెవరు చెప్పారు?"

అది పురుగు గురించి అన్న మాట కాదని రాఘవమ్మకి తెలుసు. చెప్పులో పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది.

"వద్దన్నది నువ్వేనంట గదా" అంది సరిత. "నర్సు తీసుకొస్తుంటే తలుపు కాడ ఆపావంట."

"నీ మంచికేనే తల్లీ. పెద్దవాళ్ళు అట్టా చూపించకూడదంటారు. చూస్తే ఆ రూపం వదలదంటారు."

"పెద్దవాళ్ళు చూశారు. నువ్వు చూశావు, నాన్న చూశాడు, ఆయన చూశాడు. ఆసుపత్రిలో గది ఊడ్చే ఆవిడ కూడా చూసింది. నా కడుపులో ఉన్నదాన్ని నేనొక్కదాన్నే చూడలా." తల వెనక్కి తొట్టికి ఆనించింది. "వదలదంటావు. ఇప్పుడు వదిలిందా? కళ్ళు మూసుకుంటే రోజుకో మొహం కనపడుద్ది. ఒకరోజు నీ ముక్కుంటది. ఒకరోజు మా అత్త నోరుంటది. ఒకరోజు అసలు మొహమే ఉండదు. ఏమన్నా వికారంగా పుట్టిందా, అందుకే అందరూ కలిసి దాచారా అని—"

"ఛీ, ఛీ! ఏం మాటే అది!" రాఘవమ్మ అరిచినంత పని చేసింది. "బంగారం లాగా ఉంటే నా తల్లి!"

ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో ఆమెకే తెలియలేదు. ఇన్నాళ్ళూ పళ్ళు బిగించి మూసి ఉంచిన నోరది. సరిత తల తిప్పి చూసింది. రాఘవమ్మకి ఆ చూపు చూస్తే భయమేసింది. చెబితే పిల్ల ఏమైపోతుందో. చెప్పకపోతే ఏమైపోతుందో ఇప్పుడే విన్నది. రెండు వైపులా గొయ్యే. తనూ వచ్చి కూతురి పక్కన నేల మీద కూలబడింది.

"ఎట్టా ఉంది?" అంది సరిత.

"జుట్టు చానా ఉంది" అంది రాఘవమ్మ. "నుదుటి దాకా, నల్లగా. ఏడోనెల పిల్లకి అంత జుట్టేందని ఆసుపత్రి ఆయమ్మ కూడా అన్నది. తడిసి అతుక్కుపోయి ఉంది. నేనే దువ్వా, వేళ్ళతో."

"నువ్వు దువ్వావా?"

"నీళ్ళు పోశా. ఊరకనే మూట కట్టబోయారు, నేనే వద్దన్నా. గోరువెచ్చటి నీళ్ళు కావాలన్నా. ఆయమ్మ నా మొహంలోకి చూసింది. ఇప్పుడెందుకమ్మా వేణ్ణీళ్ళు అనలా. పోయి తెచ్చిచ్చింది."

సరిత చెయ్యి వచ్చి తల్లి మణికట్టు పట్టుకుంది.

"ఎడం చెవి అంచు మడిచి ఉంది. నువ్వు పుట్టినప్పుడు నీకు ఎట్టా ఉందో అట్టాగే. నేను దాన్ని సాపు చేయబోయా. సాపు కాలా."

సరిత రెండో చెయ్యి తన చెవి మీదికి పోయింది.

"గోళ్ళున్నయ్యా?"

"ఉన్నయ్యి. బియ్యంలో నూక ఉంటది చూడు, అంతంత."

"కళ్ళు?"

"తెరవలేదమ్మా." రాఘవమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రెప్పలు మాత్రం పొడుగు. అల్లుడికి ఉన్నయ్యే, అట్టా."

"ఇంకా?"

ఇంకా ఉంది. అది చెప్పాలా వద్దా అని తన్నుకులాడింది. ఒంటి మీద చర్మం అక్కడక్కడా ఊడింది, పెదాలు నల్లబడ్డాయి. ఇన్ని నెలలుగా తను అన్నం ముద్ద నోటికి తీసుకున్నప్పుడల్లా కళ్ళ ముందుకి వచ్చేది ఆ పెదాలే.

"అది కూడా చెప్పు" అంది సరిత, ఏదో ఉందని కనిపెట్టినట్టు.

చెప్పింది. పెదాల సంగతి, చర్మం సంగతి, నడుము మీద ఉన్న మచ్చ సంగతి. చెబుతూ చెబుతూ ఏడుపు వచ్చేసింది. తన కొంగు తన నోట్లోనే కుక్కుకుంది. ముందు ఏడ్చింది తల్లే. కూతురు వంగి ఆమె కొంగు నోట్లోంచి లాగింది. లాగి, అదే కొంగులో మొహం పెట్టుకుని ఏడ్చింది. రాఘవమ్మ ఇన్నాళ్ళూ ఏ ఏడుపు కోసం కాచుకుని కూర్చుందో ఆ ఏడుపు. వస్తే పిల్ల గుండె పగులుతుందని ఏ ఏడుపుకి భయపడిందో అదే. వీపు మీద చెయ్యి వేసి, ఊపిరి ఆడుతుందో లేదోనని అరచేత్తో చూసుకుంటూ కూర్చుంది. ఆడుతోంది. గట్టిగా, వెక్కివెక్కి, ఆడుతోంది.

"నీ పాత చీర చింపి చుట్టా" అంది మెల్లగా. "నీలందీ, పసుపుపూలదీ. కాన్పుకి మెత్తగా ఉంటదని తెచ్చుకున్నావే, అది. నీ వాసన ఉంటదని."

"దానికోసం వెతికా నేను" అంది సరిత ఏడుపులోంచే. "వెతికి వెతికి ఊరుకున్నా."

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. హరికృష్ణ కూర ప్యాకెట్లు పట్టుకుని వచ్చి, నేల మీద ఇద్దర్నీ చూసి అక్కడే ఆగిపోయాడు. ఏమైందని అడగలేదు. అత్తగారి మొహంలోకి చూశాడు, ఏం చెయ్యమంటారన్నట్టు. ఆసుపత్రి వసారాలో, చీరముక్కలో చుట్టినదాన్ని చేతుల్లో పెట్టినప్పుడు కూడా ఇట్టాగే చూశాడు.

"నువ్వూ రా" అంది సరిత. "ఇట్టా కూర్చో. అమ్మ తనకి తెలిసింది చెప్పింది. అక్కణ్ణించి నీకు తెలుసు. ఎట్టా తీసుకెళ్ళారో, యాడ పెట్టారో నువ్వు చెప్పు."

హరికృష్ణ మళ్ళీ అత్తగారి వంకే చూశాడు. వద్దని తల ఊపటానికి రాఘవమ్మ మెడ దానంతటదే కదలబోయింది. పిల్ల ఇప్పటికే అలిసిపోయింది. ఇంకా అంటే ఎట్టా? రేపు చెప్పుకోవచ్చు గదా. మెడని ఆపుకుంది. కొంగు సర్దుకుని, కాస్త పక్కకి జరిగి, అతనికి చోటిచ్చింది.

"చెప్పు అబ్బాయ్" అంది. "అడుగుతుంది గదా, చెప్పు."

అతను చెప్పులతోనే వచ్చి కూర్చున్నాడు. కూర ప్యాకెట్లు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"ఆటోలోనేనా పోయింది?" అని సరితే అందించింది.

"ఆటోలోనే. మామ ముందు కూర్చున్నాడు."

"మరి పాప ఎవరి ఒళ్ళో ఉంది?"

"నా ఒళ్ళోనే" అన్నాడు హరికృష్ణ. "దోవంతా నా ఒళ్ళోనే ఉంది."